రుచి ఇచ్చిన తీర్పు, కాలం దిద్దిన తీర్పు

1957వ సంవత్సరం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఒక రుచి పరీక్ష జరిగింది. పరీక్షకు పెట్టినవి పెన్‌ఫోల్డ్స్ అనే పాత కంపెనీ 1951 నుంచి ప్రయోగాత్మకంగా తయారు చేస్తూ వచ్చిన ఎర్ర వైన్లు. పరీక్షించినవారు ఆ కంపెనీ పెద్దలు, వారు పిలిపించిన రసజ్ఞులు. ఏళ్ల తరబడి వైన్ రుచి చూడటంలో ఆరితేరినవారే అందరూ. వైన్ తయారు చేసిన మాక్స్ షూబర్ట్ వారి తీర్పు కోసం ఎదురు చూస్తున్నారు.

తీర్పు దారుణంగా వచ్చింది. అడవిపళ్లలో నలిపిన చీమలు కలిపినట్టుందని ఒకరన్నారు. బుద్ధి ఉన్నవాడెవడూ దీన్ని కొనడనీ, తాగడనీ మరొకరన్నారు. ఆ వైన్ తయారీ వెంటనే ఆపేయాలని షూబర్ట్‌కు రాతపూర్వకంగా ఉత్తర్వు అందింది.

ఐదేళ్లు గడిచాయి. 1962లో అదే సిడ్నీలో జరిగిన వైన్ పోటీలో అదే పరంపరకు చెందిన 1955 నాటి వైన్‌కు బంగారు పతకం వచ్చింది. ‘గ్రేంజ్’ అనే ఆ వైన్ ఈనాడు ఆస్ట్రేలియా వైన్లన్నింటిలోకీ పేరెన్నికగన్నది. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రపు నేషనల్ ట్రస్టు 2001లో దాన్ని తమ వారసత్వ చిహ్నంగా గుర్తించింది కూడా.

మరి 1957లో ఏం జరిగింది? అంతమంది అనుభవజ్ఞుల నాలుకలు ఒక్కసారే పొరబడ్డాయా? లేక ఆ ఐదేళ్లలో వైన్ మారిపోయిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమంటే రుచి అనే అనుభవం ఎంతవరకు నమ్మదగినదో విచారించడమే. ఆస్ట్రేలియా వైన్ చరిత్ర అందుకు చక్కని ఉదాహరణ.

తాగడం వేరు, రుచి చూడడం వేరు

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణాల్లో అమ్ముడయ్యేది చాలావరకు వైన్ కాదు. బ్రాందీ, విస్కీ, బీరు. వైన్ అంటే ద్రాక్షరసాన్ని ఈస్ట్ అనే సూక్ష్మజీవి సాయంతో పులియబెట్టగా వచ్చేది. ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. బ్రాందీలాగా దీన్ని బట్టీ పట్టరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఎరిగిన పాఠకులకు, విజ్ఞాన పత్రికలో ఈ విషయం ఎందుకు అనిపించవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆల్కహాలు ఏ మోతాదులోనూ పూర్తిగా నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. అయితే వృత్తిరీత్యా రుచి చూసేవాళ్లు వైన్‌ను మింగరు. నోట్లో తిప్పి, పక్కన ఉంచిన పాత్రలో ఉమ్మేస్తారు. ఒక పోటీలో రోజుకు వంద రకాలకు పైగా చూడవలసి వస్తే ఉమ్మకుండా పని సాగదు. తలకెక్కితే తీర్పు చెడుతుంది కదా! ఈ వ్యాసంలో మనం మాట్లాడుకునేది ఆ ఉమ్మేసే విద్య గురించే.

ఆరు రుచులు, ఒక ముక్కు

తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని మనం ఆరు రుచులు చెప్పుకుంటాం. వీటిలో తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక మీది రుచి మొగ్గలు పసిగట్టేవి. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా గుర్తించిన ‘ఉమామి’ వీటికి తోడైంది. కారం మాత్రం శరీరధర్మశాస్త్రం లెక్కలో రుచి కాదు, మంటను తెలిపే నాడుల పని. వగరు స్పర్శకు సంబంధించినది. పచ్చి అరటికాయ, వక్క, నేరేడు పండు నోటిని పట్టేసినట్టు చేస్తాయి. వాటిలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి. జారుడు పోయి నోరు గరుకుగా అనిపిస్తుంది.

ఎర్ర వైన్‌కు ప్రాణం ఈ వగరే. ద్రాక్ష తొక్కలో, గింజల్లో ఉన్న టానిన్లు దానికి కారణం. వగరులోని తేడాలను వర్ణించడానికి 2000లో అడిలైడ్ పరిశోధకులు రిచర్డ్ గావెల్, ఆయన సహచరులు ఒక ‘స్పర్శ చక్రం’ తయారు చేశారు. పొడిపొడిగా, పట్టులాగా, ఇసుక కాగితంలాగా అంటూ పదాలను వర్గాలుగా విడదీసి అమర్చారు. ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను తెలుగు చేసేటప్పుడు సరైన మాట దొరక్క సతమతమవడం ఈ వ్యాసకర్తకు అలవాటే. ఇక్కడ మాత్రం ఆ బాధ లేదు. ఉగాది పచ్చడి తిన్న ప్రతి పిల్లవాడికీ వగరు అంటే ఏమిటో తెలుసు.

ఇక మిగిలినదంతా ముక్కు పని. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు సోంపు గింజలు నమలండి. కాస్త తీపి తప్ప మరేమీ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. సోంపు పరిమళం ఒక్కసారిగా నోరంతా నిండినట్టుంటుంది. నిజానికి అది నోరు కాదు. గొంతు వెనకదారిన ముక్కుకెక్కిన వాసన. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉందనిపించడానికి ఇదే కారణం.

వైన్ పరీక్ష ఈ సూత్రాల మీదే నడుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో ఇందుకు ఒక గ్లాసును నిర్దేశించింది. కింద వెడల్పుగా, అంచు దగ్గర ఇరుగ్గా, తులిప్ మొగ్గ ఆకారంలో ఉంటుంది. అందులో 50 మిల్లీలీటర్లే పోస్తారు. తెల్ల కాగితం ముందు వంచి రంగు చూస్తారు. గ్లాసును గుండ్రంగా తిప్పితే వాసన పదార్థాలు ఆవిరై, ఇరుకైన అంచు వల్ల చెదిరిపోకుండా గ్లాసులోనే నిలుస్తాయి. అప్పుడు వాసన చూస్తారు. తరవాత చిన్న గుక్క తీసుకుని, పెదవుల మధ్య నుంచి గాలి లోపలికి పీలుస్తూ నోరంతా తిప్పుతారు. ఉమ్మేసిన తరవాత రుచి ఎంతసేపు నిలిచిందో గమనిస్తారు. వెంటనే కాగితం మీద రాస్తారు. జ్ఞాపకాన్ని నమ్మరు.

ఓడలో వచ్చిన తీగలు

ఆస్ట్రేలియాలో వైన్ ద్రాక్ష ఆ నేలలో పుట్టినది కాదు. 1788 జనవరిలో బ్రిటన్ నుంచి ఖైదీలను దించిన మొదటి ఓడల దండులోనే ద్రాక్ష కొమ్మలు వచ్చాయి. దారిలో రియో డి జనీరోలో, గుడ్‌హోప్ అగ్రం దగ్గర వాటిని సేకరించారు. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ వాటిని సిడ్నీ తీరాన నాటించాడు. సముద్రపు తేమకూ వేడికీ అక్కడ అవి సరిగా బతకలేదు. తోట లోపలి ప్రాంతమైన పారమట్టాకు మారింది.

1822లో గ్రెగరీ బ్లాక్స్‌లాండ్ అనే వలసదారు తన వైన్‌ను లండన్‌కు పంపి, మరుసటి ఏడాది వెండి పతకం పొందాడు. సముద్ర ప్రయాణంలో పాడవకుండా అందులో బ్రాందీ కలిపాడు. ఈ చిన్న వివరాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది. 1831లో జేమ్స్ బస్బీ స్పెయిన్, ఫ్రాన్సు దేశాలు తిరిగి వందలాది ద్రాక్ష రకాలు సేకరించి సిడ్నీ బొటానికల్ తోటకు చేర్చాడు. ఆస్ట్రేలియాకు తరవాత పేరు తెచ్చిన షిరాజ్ వ్యాప్తికి ఈ సేకరణ ఎంతో తోడ్పడింది.

మన హైదరాబాదు పరిసరాల్లో ఒకప్పుడు విరివిగా పండిన అనాబెషాహితో షిరాజ్‌ను పోల్చకూడదు. అనాబెషాహి తినే పండు. పెద్ద కాయ, నిండా రసం. షిరాజ్ చిన్న కాయ, ముదురు రంగు తొక్క. రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ. రంగు, టానిన్లు తొక్కలోనే కదా ఉండేది!

1842 నుంచి జర్మనీ వైపు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబాలు దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో స్థిరపడి ద్రాక్ష వేశాయి. ఫిలోక్సెరా అనే వేరు పురుగు 1860ల నుంచి ఫ్రాన్సు తోటలను నాశనం చేసింది. 1877లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలోనూ కనిపించింది. దక్షిణ ఆస్ట్రేలియా మాత్రం 1899లో చట్టం చేసి, బయటి మొక్కలపై కట్టుదిట్టం చేసి, ఆ పురుగును రానివ్వలేదు. అందుకే 1843లో నాటిన షిరాజ్ తీగలు కొన్ని బరోసాలో ఇప్పటికీ సొంత వేళ్ల మీద కాస్తున్నాయి.

పులిహోర సూత్రం

తీగలు బతికాయి గాని వైన్ నిలవడం కష్టమైంది. వేడి ప్రదేశంలో ద్రాక్ష త్వరగా పండుతుంది. చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. పులుపు తగ్గిన రసంలో బాక్టీరియా చెలరేగుతాయి. పీపాలకు పీపాలు పాడయ్యేవి. అందుకే బ్లాక్స్‌లాండ్ చేసినట్టే, బ్రాందీ వంటి ఘాటు సారాయం కలిపి నిలవ చేసే పద్ధతి స్థిరపడింది. 20వ శతాబ్దం మధ్య వరకూ ఆస్ట్రేలియాలో తయారైన వైన్‌లో అధికభాగం ఈ తీపి, ఘాటు రకమే. అంత ఆల్కహాలులోనూ కొన్ని బాక్టీరియా బతకగలవని జాన్ ఫోర్నకాన్ 1930లలో, 1940లలో చేసిన పరిశోధనల్లో తేలింది.

పరిష్కారం ఒక చిన్న అంకెలో దొరికింది. ఆ అంకె పేరు పి.హెచ్. ఇది ఒక ద్రవం ఎంత ఆమ్లగుణం కలదో చెప్పే కొలత. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ దీన్ని ప్రతిపాదించాడు. అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం పెరుగుతుంది; ఒక్క అంకె తగ్గితే పది రెట్లు. 1935లో పెన్‌ఫోల్డ్స్‌లో చేరిన రే బెక్‌విత్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఫోర్నకాన్ పరిశోధనలను శ్రద్ధగా అనుసరించాడు. వైన్ పాడవడానికీ పి.హెచ్.కూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్నాడు. అప్పటికి కొత్తగా వచ్చిన పి.హెచ్. మీటరును కంపెనీ చేత కొనిపించాడు. అంకె ఎక్కువగా ఉన్న రసానికి టార్టారిక్ ఆమ్లం కలిపి దించడం మొదలుపెట్టాడు. పాడవడం ఆగిపోయింది.

ఇందులోని సూత్రం మన వంటింట్లో ఉన్నదే. ప్రయాణానికి పులిహోర కట్టుకుపోతే మామూలు అన్నంలా మర్నాటికే పాడైపోదు. చింతపండు పులుపు దాన్ని కాపాడుతుంది. చింతపండులోని ప్రధాన ఆమ్లం కూడా ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే! బెక్‌విత్ 2012లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు. 1955లో అడిలైడ్‌లో ఏర్పడిన ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థకు ఫోర్నకాన్ తొలి డైరెక్టరు అయ్యారు.

దాచిన పీపాలు

ఇప్పుడు షూబర్ట్ దగ్గరకు వద్దాం. 1931లో పెన్‌ఫోల్డ్స్‌లో కబుర్లు మోసే కుర్రాడిగా చేరిన ఆయన 1948 నాటికి ప్రధాన తయారీదారు అయ్యారు. 1950లో ఘాటు వైన్ల తయారీ చూసి రమ్మని కంపెనీ ఆయనను యూరప్ పంపింది. తిరుగు దారిలో ఫ్రాన్సులోని బోర్డోలో ఆగారు. అక్కడ నలభై, యాభై ఏళ్ల నాటి ఎర్ర వైన్లు రుచి చూపించారు. అంతకాలం నిలిచి, నిలిచేకొద్దీ మెరుగయ్యే వైన్ తమ దేశంలో ఎందుకు తయారు కాకూడదు అన్న పట్టుదల ఆయనలో అక్కడే పుట్టింది.

బోర్డో ద్రాక్ష రకాలు అప్పట్లో దక్షిణ ఆస్ట్రేలియాలో అరుదు. అందుకని షిరాజ్‌నే ఎంచుకున్నారు. ఉష్ణోగ్రతను అదుపు చేసి పులియడాన్ని సుమారు 12 రోజుల పాటు నెమ్మదిగా సాగదీశారు. తొక్కలు పైకి తేలకుండా రసంలోనే మునిగి ఉండేట్టు చూశారు. దానివల్ల రంగు, టానిన్లు నిండుగా దిగాయి. పాత పీపాలు కాక, అమెరికా ఓక్ కలపతో చేసిన కొత్త పీపాలు వాడారు. ఈ కలప నుంచి కొబ్బరి, వెనిలా వాసనలు దిగుతాయి. ఇంత సాహసానికి ఆధారం బెక్‌విత్ ఇచ్చిన భద్రత. ఏళ్ల తరబడి దాచిన వైన్ మధ్యలో పాడవదన్న భరోసా లేకపోతే ఈ ప్రయోగానికి అర్థమే లేదు.

సిడ్నీ తీర్పు వచ్చినప్పుడు ఆ వైన్లలో అన్నిటికన్నా పాతదాని వయసు ఆరేళ్లే. ఉత్తర్వు అందుకున్న షూబర్ట్ ఏం చేశారు? అడిలైడ్ దగ్గరి మాగిల్‌లో నేలమాళిగలు ఉన్నాయి. 1957, 1958, 1959 సంవత్సరాల్లో ఆయన అక్కడ రహస్యంగా గ్రేంజ్ తయారు చేసి దాచారు. యజమాని కుటుంబానికి చెందిన జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్ ఆయనకు అండగా నిలిచారు. కొత్త పీపాలకు డబ్బు అడిగే వీలు లేదు కాబట్టి ఉన్నవాటితోనే సరిపెట్టుకున్నారు. దొరికిపోతే ఉద్యోగానికే ముప్పు.

ఈలోగా తొలి సీసాలు పాతబడుతున్నాయి. వాటిని మళ్లీ రుచి చూసినవారు మెచ్చుకోసాగారు. కంపెనీ పెద్దలు తమ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. 1960 నుంచి తయారీ మళ్లీ బహిరంగంగా సాగింది. 1962 పతకం ఆ తరవాతి సంగతి.

సీసాలో ఏం జరిగింది?

కొత్త ఎర్ర వైన్‌లో టానిన్ అణువులు, ఆంతోసయనిన్లు అనే రంగు అణువులు చాలావరకు విడివిడిగా ఉంటాయి. పీపా కలప ద్వారా కొద్దికొద్దిగా చొరబడే ఆక్సిజన్ సాయంతో అవి ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఊదా రంగు క్రమంగా ఇటుక రంగులోకి దిగుతుంది. కొన్ని అణువులు అడుగున మడ్డిగా పేరుకుంటాయి. నోటిని పట్టేసే గరుకుదనం మెత్తబడుతుంది. కలప వాసన, పండు వాసన వేరువేరుగా కొట్టకుండా కలిసిపోతాయి.

దీన్ని బట్టి చూస్తే 1957 నాటి రసజ్ఞుల నాలుకలు అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఆ వైన్ మోటుగానే ఉంది. వాళ్లు చేసిన పొరపాటు వేరు. అలవాటైన తేలికపాటి వైన్లను కొలబద్దగా పెట్టుకున్నారు. ఆ రోజు రుచిని ఎప్పటికీ ఉండే రుచిగా భావించారు. ఏ కొలతకైనా కాలం, పరిస్థితి జోడించి చెప్పాలన్నది ప్రయోగశాలలో మొదటి పాఠం. వాళ్లు తేదీ వేయకుండా తీర్పు రాశారు.

ఇది గ్రేంజ్ ఒక్కదాని సంగతే కాదు. సిడ్నీకి ఉత్తరాన ఉన్న హంటర్ లోయలో సెమియాన్ ద్రాక్షతో తెల్ల వైన్ చేస్తారు. కొత్తగా ఉన్నప్పుడు అది ఇంచుమించు చక్కెర లేని నిమ్మరసంలా పలచగా, పుల్లగా ఉంటుంది. పదేళ్లు గడిస్తే తేనె, కాల్చిన రొట్టె వాసనలు వస్తాయి. ఓక్ పీపా ముఖం చూడకుండానే ఈ మార్పు! క్లేర్ లోయ రీస్లింగ్ పాతబడితే లీలగా కిరసనాయిలు వాసన వేస్తుంది. టి.డి.ఎన్. అనే పదార్థానికి ఇందులో ముఖ్య పాత్ర ఉందని 1978లో ఆస్ట్రేలియా పరిశోధకుడు సింప్సన్ తెలియజేశాడు. తెలియనివారు దాన్ని కల్తీ అనుకుంటారు. తెలిసినవారు వయసుకు గుర్తు అంటారు.

ఐదుగురిలో ఒకరికి అందని వాసన

ఆస్ట్రేలియాలో చల్లని ప్రాంతాల షిరాజ్‌లో మిరియాల వాసన వస్తుందని రుచి చూసేవాళ్లు చాలాకాలంగా చెబుతూ ఉన్నారు. అది వర్ణనలో అతిశయోక్తి అని కొందరు కొట్టిపారేసేవారు. అడిలైడ్ పరిశోధన సంస్థ దీని వెంటపడింది. ద్రాక్ష సారాన్ని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రంలో పంపితే అందులోని పదార్థాలు విడివిడిగా ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. యంత్రం చివర ఒక మనిషి ముక్కు పెట్టి కూర్చుని, మిరియాల వాసన తగిలిన క్షణాన్ని గుర్తిస్తాడు. ఈ విధంగా ఆ పదార్థాన్ని పట్టుకుని 2008లో ప్రకటించారు. అది రొటండోన్. మిరియాల ఘాటు వాసనకు కూడా ముఖ్య కారణం అదేనని ఆ పరిశోధనతోనే బయటపడింది.

ఈ పేరు వెనక మన దేశపు కథ ఉంది. వరిగట్ల మీద మొలిచి రైతును విసిగించే తుంగ మొక్క శాస్త్రీయ నామం సైపరస్ రొటండస్. దాని దుంపలే ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు. 1967లో సుఖ్‌దేవ్, ఆయన సహచరులైన భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు తుంగముస్తల తైలంలో ఈ పదార్థాన్ని వర్ణించారు. నలభై ఏళ్ల పాటు ఎవరికీ పట్టని ఆ అణువు చివరికి ఆస్ట్రేలియా వైన్‌లో తేలింది.

దాని శక్తి ఎంతో చూడండి. లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతులు పదహారు ఉన్నా ముక్కు పసిగడుతుంది. 25 లక్షల లీటర్లు పట్టే ఈతకొలను నిండా వైన్ ఉందనుకుంటే, అందులో 40 మిల్లీగ్రాములు చాలు. అది ఇంచుమించు ఒక మిరియపు గింజ బరువు! అయితే ఆ పరిశోధనలోనే మరో వింత బయటపడింది. పరీక్షకు కూర్చున్నవారిలో సుమారు 20 శాతం మందికి, నీటిలో లీటరుకు 4000 నానోగ్రాములు కలిపినా ఆ వాసన తెలియలేదు. ఒకే గ్లాసు ముందు కూర్చున్న ఐదుగురిలో నలుగురు మిరియాలన్నారు, ఒకరు లేవన్నారు. ఇద్దరిదీ నిజమే.

ఎర్ర వైన్లలో కొన్నిటికి ఉండే యూకలిప్టస్ వాసన కథ కూడా ఇలాంటిదే. మనం జామాయిల్ అనే ఆ చెట్టు ఆస్ట్రేలియాది. తోటకు ఆ చెట్లు ఎంత దగ్గరగా ఉంటే వైన్‌లో సినియోల్ అనే పదార్థం అంత ఎక్కువని, కోతలో ద్రాక్షతో పాటు పడే ఆకులు, బెరడు దానికి ముఖ్య కారణమని ఆ సంస్థే నిరూపించింది. 2003 కార్చిచ్చుల తరవాత కొన్ని తోటల వైన్‌లో బూడిద రుచి వచ్చింది. పొగలోని పదార్థాలు ద్రాక్షలో చక్కెరతో ముడిపడి దాగి ఉంటాయి. అవి నోట్లోకి వెళ్లాక విడివడతాయి. వాసన చూసినప్పుడు దొరకని దోషం నోట్లో దొరకడానికి కారణం ఇదే.

బిరడా మీద తగాదా

కార్కు బిరడా వేసిన సీసాల్లో కొన్నిటికి తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. దానికి కారణమైన టి.సి.ఎ. అనే పదార్థాన్ని 1980ల మొదట్లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు, పండు వాసనంతా చచ్చిపోతుంది. ఈ సంగతి తేలకముందే, 1970లలో, ఆస్ట్రేలియాలో కొందరు మర మూతలు పెట్టి చూశారు. కొనేవాళ్లు తిరస్కరించారు. మర మూత అంటే చవకబారు సరుకు అన్న అభిప్రాయం అడ్డొచ్చింది. రుచి చూడకముందే కన్ను తీర్పు చెప్పింది.

1999లో అడిలైడ్ సంస్థ ఒకే సెమియాన్ వైన్‌ను 14 రకాల మూతలతో సీసాల్లో నింపి పరిశీలన మొదలుపెట్టింది. మర్నాడు కాదు, నెలలు, ఏళ్లు గడిచాక రుచి చూస్తూ, రసాయన పరీక్షలు చేస్తూ పోయారు. మర మూత వైన్‌ను అన్నిటికన్నా తాజాగా ఉంచింది. లోపం కూడా దాచలేదు. గాలి మరీ తక్కువ కావడం వల్ల కొన్నిటిలో రబ్బరు వంటి వాసన వచ్చిందని నమోదు చేశారు. 2000లో క్లేర్ లోయ రీస్లింగ్ తయారీదారులు పలువురు కూడబలుక్కుని మర మూతకు మారారు. ఇప్పుడు ఆస్ట్రేలియా సీసాల్లో అధికభాగానికి మర మూతే. ఒకప్పుడు వద్దన్నదే మామూలైంది.

నాలుకకూ పరీక్ష

ఆస్ట్రేలియా పోటీల్లో చాలాకాలం 20 మార్కుల పద్ధతి నడిచింది. రంగుకు 3, వాసనకు 7, రుచికి 10. మొత్తం 18.5 వస్తే బంగారు పతకం. ఇప్పుడు పలు పోటీలు 100 మార్కుల పద్ధతికి మారాయి. మార్కు వేశాం కదా అని అది ఉష్ణమాపకం చూపే అంకె అయిపోదు. 2001లో ఫ్రాన్సులో మోరో, బ్రోషే, దుబోర్డియు ఒక పరిశోధన ప్రచురించారు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎరుపు రంగు కలిపి 54 మంది వైన్ శాస్త్ర విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు! కాలిఫోర్నియా పోటీల్లో హాడ్జ్‌సన్ ఒకే వైన్‌ను న్యాయనిర్ణేతలకు చెప్పకుండా మూడుసార్లు ఇచ్చి చూశాడు. నిలకడగా ఒకే స్థాయి మార్కులు వేసినవారు పదిమందిలో ఒకరే.

ఇవి విని రుచి పరీక్ష అంతా బూటకం అనుకోవడం తొందరపాటు. త్రాసు తప్పు చూపితే త్రాసును సరిచేస్తాం గాని తూకాన్నే మానేయం. అడిలైడ్ సంస్థ 1990ల నుంచి నడుపుతున్న శిక్షణలో వైన్లతో పాటు నాలుకలనూ పరీక్షిస్తారు. ఇంతకుముందు ఇచ్చిన వైన్‌నే పేరు చెప్పకుండా మళ్లీ ఇస్తారు. రెండు మార్కుల మధ్య తేడాను గణాంక పద్ధతిలో లెక్క కట్టి ఎవరి ఫలితం వారి చేతికిస్తారు. తన నాలుక ఎక్కడ తప్పుతుందో తెలిసినవాడి తీర్పు, తెలియనివాడి తీర్పు కంటే విలువైనది. ఏ వాసన తనకు తెలియదో ఎరిగినవాడు పక్కవాడి మాట వింటాడు.

షూబర్ట్ 1994లో మరణించారు. ఆయన వారసుల చేతిలో తయారైన 1990 నాటి గ్రేంజ్‌ను మరుసటి ఏడాది ఒక ప్రముఖ అమెరికా వైన్ పత్రిక ఆ సంవత్సరపు మేటి వైన్‌గా ఎంపిక చేసింది. నేలమాళిగలో దాచిన మూడేళ్ల సరుకును సేకర్తలు ఈనాడు అపురూపంగా చూస్తారు. ఉత్తర్వు అక్షరాలా అమలై ఉంటే అవి ఉండేవి కావు.

వైన్ ముట్టని పాఠకులకు ఇదంతా దూరపు సంగతి కాదు. పాలు కలపని టీ డికాక్షన్ ఒక గుక్క నోట్లో తిప్పి వగరు గమనించండి. తరవాత అందులోనే కాసిని పాలు కలిపి మళ్లీ చూడండి. పాల ప్రోటీన్లు టానిన్లను ముందే పట్టుకోవడంతో వగరు తగ్గుతుంది. కొత్త ఆవకాయ జాడీలో పెట్టిన రోజునే నోట్లో వేసుకుని బాగాలేదనేవాడితో మన పెద్దవాళ్లు ఊరనివ్వమంటారు. సిడ్నీ గదిలో ఆ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన మాటను ఆ రోజు ఎవరూ వినలేదు.